హౌజులో ఉపవాసం

ఏప్రిల్ 12, శనివారం

చేపల ట్యాంకు నీళ్లకు ఇవాళ అసలు రంగు వచ్చింది. మొన్నటిదాకా పల్చటి టీ. ఇవాళ బస్టాండు ఎదురు హోటల్లో పొద్దుటి నుంచీ మరుగుతున్న చాయ్. గరాటు లాంటి గాజుసీసాలోకి తీసి కదపకుండా పెడితే అడుగున గోధుమరంగు మడ్డి మెత్తగా కూర్చుంది. మడ్డి అనడం నాకే నచ్చలేదు గానీ వేరే మాట దొరకలేదు. దాన్ని వెలుతురుకు పట్టి చూస్తుంటే అమ్మ రెండుసార్లు అన్నానికి పిలిచిందట. వినబడలేదు.

న్యాల్‌కల్ నుంచి చిన్నత్త పెళ్లిపత్రిక ఇవ్వడానికి వచ్చి షెడ్డు చూస్తానంది. తార్పాలిన్ ట్యాంకు అంచున నిలబడి, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, కొంగులోంచే ప్రశ్నలు.

"నీళ్లు ఎన్ని దినాలకోపారి మారుస్తవే అక్షతా?"

"మార్చనత్తా. బయోఫ్లాక్ అంటెనే అది."

"మార్చవా? వాటి మలం వాటి నీళ్లలనేనా? ఛీ!"

"ఆ మలాన్ని తినే సూక్ష్మజీవులుంటయి. వాటికి బెల్లం నీళ్లు పోస్త. అవి పెరిగి ఉండలు కడ్తయి. ఆ ఉండల్ని మళ్ల చేపలు తింటయి. గాలి మిషన్ ఆగకుండ చూసుకుంటె సాలు."

"బెల్లం తిని పెరుగుతున్నయా! అయితె ఇవి చేపలు కావే, పూర్ణం బూరెలు. మనం గుడ తినొచ్చు!"

వరండాలో కూర్చున్న అజ్జి, మా నాన్నమ్మ, "శివ శివా" అని చెవులు మూసుకుంది. మూసుకునే ముందు అంతా విన్నది.

అత్తను అని ఏం లాభం? మెడలో లింగం కట్టుకున్న ఇల్లు మాది. గుడ్డు కూడా పగలని వంటింటికి ఎదురుగా తిలాపియా చేపలు. అమ్మ ఇటువైపు కిటికీ తెరవడం మానేసింది. పుట్టగొడుగులు, తర్వాత ట్యాలీ కోర్సు, ఇప్పుడు చేపలు: జువాలజీ డిగ్రీ చేతికొచ్చాక ఇది నా మూడో పిచ్చి అని ఇంట్లో అంటారు. మొదటి రెండూ నేను వదిలేశాను. దీన్ని వదలాలని ఇంకా అనిపించలేదు. ఎందుకో చూడాలి.

మా నాన్న, అప్ప మాత్రం అన్నం దగ్గర షరతు మళ్లీ చెప్పాడు. విత్తనాల దుకాణంలో గిరాకీకి చెప్పినట్టే, నెమ్మదిగా, తల ఎత్తకుండా.

"మిరుగు దాక షెడ్డు నీది. మిరుగు వచ్చిందంటె ఎరువుల బస్తాలు దిగుతయి. ఈ విరూపాక్ష ఇంట్ల నుంచి పోయిన సరుకును ఇప్పటిదాక ఒక్కరు ఏలెత్తి చూపలె. నీ చేప మీద ఒక్క మాట వచ్చిందా, ట్యాంకు మడత పెట్టి అటక మీద ఏస్త. రాలేదా, షెడ్డు నీకే. బస్తాల సంగతి నేను చూసుకుంట."

"ఒక్కలంటె ఒక్కలు అనొద్దా?"

"ఒక్కలే సాలు."

మిరుగు అంటే జూన్ ఎనిమిది. మృగశిర కార్తె మొదటి రోజు. ఆ రోజు ఈ చుట్టుపక్కల తినేవాళ్లంతా చేప తినాల్సిందే. తిననివాళ్లం మేం ఇంగువ బెల్లంలో కలిపి ఉండ చేసుకుని మింగుతాం. వానకాలం జబ్బులు రావట.

ఏప్రిల్ 17, గురువారం

సాయంత్రం నాలుగు చినుకులు, అంతే. ఎండిన ఎర్రమట్టి మీద పడగానే లేచింది చూడు, ఆ వాసన. షెడ్డులోంచి బయటికొచ్చి కళ్లు మూసుకుని నిలబడ్డాను. చిన్నప్పుడు వాన పడితే గోడ మూలకు పోయి మట్టి నాకేదాన్నని అమ్మ ఇంటికొచ్చినవాళ్లందరికీ చెబుతుంది. ఇప్పుడు నాకను. నాకాలని మాత్రం ఉంటుంది.

ఏప్రిల్ 30, బుధవారం

మొదటిసారి ట్యాంకులోంచి చేపలు బయటికి వెళ్లాయి. మూడే. హిమబిందు వాళ్లింటికి.

హిమబిందు నా డిగ్రీ క్లాస్‌మేట్, ఇప్పుడు పుణెలో ఉద్యోగం. వాళ్ల నాన్న సత్యనారాయణ గారు జహీరాబాద్ ఫ్యాక్టరీలో ఇంజనీరు. అమ్మ అన్నపూర్ణ ఆంటీ. భీమవరం మనిషి, చేప గురించి మాట్లాడుతుంటే చేతులు కూడా ఈదుతాయి. మా ఝరాసంగం నుంచి షేర్ ఆటోలో మూత పెట్టిన బకెట్ ఒళ్లో పెట్టుకుని వెళ్లాను. పక్కన కూర్చున్న పెద్దమనిషి "ఏంది బిడ్డా, పాలా?" అన్నాడు. ఔనన్నాను. బకెట్లో తోక టపటపలాడింది. ఆయన దిగేదాకా మళ్లీ మాట్లాడలేదు.

ఆంటీ చేపను చేతిలో తిప్పి చూసింది. "బలే మెరుస్తోందమ్మాయ్! ఇది బావుంటే మిరుగుకి మా కాలనీ వాళ్లందరికీ నీ దగ్గరే చెప్తాను. మార్కెట్లో ఐసు చేప తినలేక చస్తున్నాం."

కోయడం చూడలేదు. పనుందని వచ్చేశాను. ఏ పనీ లేదు.

మే 2, శుక్రవారం

బకెట్ తిరిగొచ్చింది, లోపల ఆవకాయ డబ్బాతో. ఫోన్లో ఆంటీ: "చాలా బావుందమ్మా! అంకుల్ రెండోసారి వేయించుకున్నారు."

ఈ వాక్యం ఇంకోసారి రాసుకుంటాను. రెండోసారి వేయించుకున్నారు.

మే 4, ఆదివారం

హిమబిందు ఫోన్ చేసింది. పుణె ఎండలు, రూమ్మేటు గురక, అన్నీ అయ్యాక, "అవునూ, మా అమ్మ ఆవకాయ పంపిందా? పంపుతుందిలే. పాపం చాలా ఫీలయింది."

"ఎందుకు?"

"ఎందుకేంటే? ఆ పులుసు కింద వాచ్‌మెన్ కుక్కకి పెట్టేశారంట కదా. నీకు చెప్పొద్దంది... అయ్యో."

హిమబిందు గబగబా సర్దింది. "చేప చెడ్డది కాదే, తాజాగానే ఉందంట. మట్టి కంపు కొట్టిందంట, అంతే."

"చేపంటె కంపే కదనే?"

అటు నుంచి నవ్వు. మంచం మీద నుంచి కింద పడిందేమో అన్నంత నవ్వు. "ఒసేయ్ అక్షతా! ఎవరే నీకు చెప్పింది?"

ఎవరూ చెప్పలేదు. మా ఇంట్లో పుట్టినవాళ్లకు అది చెప్పనక్కర్లేదు. షెడ్డులో వాసన వస్తే, చేపలున్నాయి గనక వాసన వస్తోంది అనుకున్నాను. అందులో మంచి వాసన, చెడ్డ వాసన అని రెండుంటాయని, రెండోది వస్తే ఏదో తప్పు జరిగినట్టని నాకు తట్టనే లేదు. ముక్కుందిగానీ దానికి చదువు లేదు.

మే 5, సోమవారం

సోమవారం. అజ్జికి ఉపవాసం. నేనూ తినలేదు, వేరే కారణానికి.

మే 8, గురువారం

దాని పేరు జియోస్మిన్. నీళ్లలో ఉండే కొన్ని సూక్ష్మజీవులు తయారుచేస్తాయి. చేప మొప్పల్లోంచి పోయి కొవ్వులో కూర్చుంటుంది. హాని లేదు. కానీ గోరంత ఉన్నా మనిషి ముక్కు పట్టేస్తుందట. ఏ మనిషి ముక్కు? నాది పట్టలేదు.

ఇది తేల్చాలని జహీరాబాద్ చేపల మార్కెట్‌కు వెళ్లాను. ముఖానికి స్కార్ఫు, తెలిసినవాళ్లు చూస్తారని. ఒక్కో గంప దగ్గరా వంగి వాసన చూశాను. రవ్వ, బొచ్చె, కొర్రమీను. మూడింటికీ నా ముక్కు ఒకటే మాట చెబుతోంది: ఇంటికి పో. చివరి గంప దగ్గర దేవమ్మ అనే ఆమె కత్తిపీట పక్కకు నెట్టి నన్నే చూస్తోంది.

"ఏందమ్మా, పూలనుకున్నవా? వాసన చూసుకుంట పోతున్నవ్?"

"మట్టి వాసన ఉన్న చేప ఉందా నీ దగ్గర?"

"ఏమన్నవ్?" ఆమె లేచి నిలబడింది. "పొద్దుగాల పొద్దుగాల నా గంప మీద మన్ను పోస్తున్నవా? పో అవతలికి!"

పక్క గంపలవాళ్లంతా నవ్వారు. చెడ్డ చేప ఎక్కడ దొరుకుతుందని అడగడానికి మర్యాదైన పద్ధతి ఉందా అసలు?

నాకు తినాలని లేదు. తెలుసుకోవాలని ఉంది, అంతే.

మే 14, బుధవారం

విరుగుడు ఉంది. ఎంత తేలికో చూస్తే ఏడుపొచ్చింది. అమ్మే ముందు ఆ చేపల్ని ఫ్లాక్ ఉండలు లేని శుభ్రమైన నీళ్లలో ఉంచాలి. గాలి పెట్టాలి. మేత పెట్టకూడదు. వారం, ఇంకొంచెం ఎక్కువైనా మంచిదే. ఒంట్లో ఉన్నది నెమ్మదిగా నీళ్లలోకి దిగిపోతుంది. రోజూ ఆ నీళ్లు కాస్త కాస్త తీసి కొత్తవి పోయాలి.

నీళ్లు మార్చవా అని అడిగిన చిన్నత్తకు ఇది చెప్పను.

ఇంకో ట్యాంకు లేదు. షెడ్డులో జాగా లేదు. ఊళ్లో ఎవరి తొట్టి అడిగినా ఊరంతా తెలుస్తుంది. పెరట్లో మాత్రం సిమెంటు హౌజు ఉంది. పెద్దది, లోతైనది, వేపచెట్టు నీడలో. రోజూ కడిగి నింపే నీళ్లు.

అజ్జి లింగపూజకు నీళ్లు ముంచుకునే హౌజు.

మే 15

అడగలేదు.

మే 18

ఇంకా టైముంది.

మే 20, మంగళవారం

ఆంటీ ఫోన్. కాలనీలో పన్నెండు ఇళ్లవాళ్లు మిరుగుకు చేప కావాలన్నారట. "నువ్వు బెల్లంతో పెంచావని చెప్పానమ్మా, అందరూ సరదా పడ్డారు."

కుక్కకు పెట్టిన మనిషి, ఇంతమందికి చెప్పింది. నా మీద నమ్మకమా, జాలా? ఏదైనా సరే, ఆ పన్నెండు ఇళ్లలో ఒక్క ఇల్లు మొహం చిట్లిస్తే అప్ప ట్యాంకు మడత పెడతాడు. జాలిపడే ఇల్లు ఒక్కటే ఉంటుంది. మిగతావాళ్లు ఊరుకోరు.

మే 22

ఇవాళ అడుగుదామనే వెళ్లాను. అజ్జి విభూతి పెట్టుకుంటోంది. మధ్యలో మాట్లాడకూడదు. ఆ తర్వాత మర్చిపోయాను.

మర్చిపోలేదు.

మే 26, సోమవారం

అడిగేశాను. సోమవారమే అడగాలని అనుకోలేదు. ఆమె హౌజు గట్టు మీద ఒక్కతే కూర్చుని ఉంది, ఖాళీ కడుపుతో, ఎండను చూస్తూ.

"అజ్జీ, నీ హౌజు కావాలె నాకు."

"దేనికి? బట్టలకా?"

"చేపలకు."

అజ్జి నన్ను కాదు, షెడ్డును చూసింది. "నా లింగం నీళ్లల్లనా?"

"నీ నీళ్లు బోరింగు కాడ నేనే పట్టి తెచ్చిస్త, తెల్లారకముందె. పదిపన్నెండు దినాలే అజ్జీ. వాటికి అండ్ల ఏం ఎయ్య. మేత ఎయ్య, బెల్లం ఎయ్య. ఉత్త నీళ్లు."

"ఉత్త నీళ్లా?"

"ఉత్త నీళ్లే."

"అంటె ఉపాసమా?"

ఆ మాట నేను అనలేదు. ఆమే అంది. నేను పట్టుకున్నాను. "ఆఁ, ఉపాసమే."

"దేనికి?"

"ఒంట్ల మట్టి వాసనుంది. ఉపాసముంటె పోతది. లోపట సాఫైతయి."

వేపాకు రాలి నీళ్ల మీద తేలుతుంటే అజ్జి అరచేత్తో పక్కకు తోసింది. తర్వాత నవ్వింది. పళ్లు లేని నవ్వు. "మేం గూడ గందుకే ఉంటమే."

"మరి?"

"ఉపాసం ఉన్నోళ్లను గడప కాడికెల్లి ఎల్లగొట్టొద్దు. మా అత్త శెప్పింది. రానియ్యి. నేనైతె ముట్ట."

నేను ఉపవాసం అన్నది నిజమేనా? వాటికి పెట్టడం మానేసేది నేను. అవి మానుకోవడం లేదు. ఇది అజ్జికి తెలియదా? తెలియదనే అనుకుంటాను.

మే 28, బుధవారం

కాలనీకి కావలసినన్ని హౌజులోకి మార్చాను. అన్నీ పట్టవు, మిగతావి ట్యాంకులోనే. గాలిగొట్టం ఒకటి పెరటిదాకా లాగాను. చాయ్ నీళ్లలో ఇన్నాళ్లూ నీడల్లా కనబడ్డవి, ఈ నీళ్లలో ఒక్కసారిగా ఒళ్లంతా కనబడ్డాయి. రెక్కల అంచున సన్నటి ఎరుపు, ఒంటి మీద గీతలు. ఆరు నెలలు పెంచి వీటి ముఖాలు ఇవాళ చూస్తున్నాను.

అప్ప దుకాణం నుంచి వచ్చి, చెప్పులు విడిచి, హౌజు చూసి, మళ్లీ చెప్పులు వేసుకున్నాడు.

"అమ్మా! ఇదేంది?"

"ఉపాసం ఉన్నయిరా. లొల్లి చెయ్యకు," అంది అజ్జి లోపలి నుంచి.

అప్ప నా వైపు చూశాడు. నేను గొట్టం వైపు చూశాను. నలభై ఏళ్లుగా బేరమాడుతున్న మనిషి బేరమాడకుండానే మళ్లీ దుకాణానికి నడిచాడు.

జూన్ 2, సోమవారం

ఇద్దరికీ ఉపవాసం, అజ్జికీ హౌజుకూ. ముట్టను అన్న మనిషి కుర్చీ హౌజు పక్కకు జరిపించుకుంది. ఎండ అటు వస్తోందట. ఎండ ఎప్పుడూ అటే వస్తుంది.

"అగో, ఆ పెద్దది ఊకె నా దిక్కు వస్తది సూడు."

"నువ్వు ఏమన్న ఏస్తవేమోనని అజ్జీ."

"నేనెందుకు ఏస్త!" నీళ్లలోకి తొంగి చూసి: "వీటి ఉపాసం ఎన్నడు ఇడిపిస్తవే?"

"మిరుగు నాడు."

"ఏం పెట్టి ఇడిపిస్తవ్?"

గొట్టం చివరి గాలిరాయి నుంచి బుడగలు సన్నగా వస్తున్నాయనిపించింది. లేచి వెళ్లి మోటారు చూశాను. మోటారు బాగానే ఉంది. చాలాసేపు చూశాను.

జూన్ 5, గురువారం

ఒక సంగతి ఇప్పుడు తట్టింది, ముందే తట్టాల్సింది. వాసన పోయిందని నాకెలా తెలుస్తుంది? ఆంటీని అడగాలి. ఆంటీ ఏమంటుంది? చాలా బావుందమ్మా అంటుంది. హిమబిందు పుణెలో ఉంది. దేవమ్మ దగ్గరికి పోతే కత్తిపీట విసురుతుంది.

ట్యాంకు చేప ఒకటి, హౌజు చేప ఒకటి. ఒకేలా వండాలి. ఉప్పు, పసుపు, ఇంకేం వద్దు. రెండూ ఒకరే రుచి చూసి తేడా చెప్పాలి. మొహమాటం లేని మనిషి కావాలి.

అలాంటి మనిషి ఒకరు తెలుసు. కానీ ఆమె చేప తినదు.

జూన్ 7, శనివారం

రేపే. పొద్దున హౌజు దగ్గరికి వెళ్లేసరికి అజ్జి వంగి ఉంది. కొంగులో జొన్నరొట్టె. చిన్న చిన్న తునకలు చేసి నీళ్లలో వదులుతోంది. చేపలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. నన్ను చూసి కొంగు దులుపుకుంది.

"ఉపాసం ఇడువకుండ ఎవరిని గడప దాటియ్యొద్దు," అంది. సంజాయిషీ కాదు. చెప్పింది.

తెలుసన్నమాట. అవి ఎక్కడికి పోతాయో, పోయాక ఏమవుతుందో, అంతా. మొదటి నుంచీ.

లోపలికొచ్చి ఫోన్లో వెతికాను. నాలుగు రొట్టె తునకలకు మట్టి వాసన తిరిగి రాదు. ఇంకోసారి వెతికాను. రాదు.

జూన్ 8, ఆదివారం, మిరుగు

వరసగా రాయాలి, లేకపోతే రేపటికి నేనే నమ్మను.

పొద్దున్నే ట్రాలీ ఆటోలో డ్రమ్ము ఎక్కించాం. హౌజు చేపలు, బ్యాటరీ గాలి మోటారుతో. ట్యాంకు చేప ఒకటి విడిగా, బకెట్లో. కాలనీకి చేరేసరికి కిందనే గిన్నెలు పట్టుకుని ఆడవాళ్లు. "బెల్లం చేపలొచ్చాయి!" అని ఎవరో అరిచారు. ఒక్క అరగంట ఆగమని చెప్పి రెండు చేపలతో ఆంటీ ఇంట్లోకి పరుగెత్తాను.

ఈసారి కోస్తుంటే అక్కడే నిలబడ్డాను. చూశాను. దాని గురించి ఇవాళ రాయను.

"ఉప్పూ పసుపూ వేసి ఆవిరి మీద ఉడికిస్తే దాన్ని చేప అంటారటమ్మా? చింతపండు లేదు, కారం లేదు! మా భీమవరం వాళ్లు వింటే నన్ను ఊళ్లోకి రానివ్వరు," అని గొణుగుతూనే ఉడికించింది ఆంటీ. ట్యాంకుది స్టీలు పళ్లెంలో, హౌజుది పింగాణీ పళ్లెంలో పెట్టాను. ఏది ఏదో చెప్పలేదు.

ఆంటీ రెండూ తిన్నది. "రెండూ బావున్నాయమ్మాయ్."

"రెండిట్ల ఏది?"

"దేని రుచి దానిదే."

"ఆంటీ, వీటిల వాచ్‌మెన్ కుక్కకు ఏది పెట్టొచ్చు?"

ఆంటీ మొహం ఎర్రబడింది. "ఆ హిమబిందు నోట్లో నువ్వుగింజ నానదు కదా! నిజం చెప్తే నువ్వు మళ్లీ మా గడప తొక్కవేమోనని భయపడ్డానమ్మా." కొంగుతో చెయ్యి తుడుచుకుంది. "ఇవాళ మాత్రం ఒట్టు, నాకేం తెలియట్లేదు. నీ మొహం ఎదురుగా పెట్టుకుని తింటే రెండూ అమృతంలానే ఉన్నాయి."

కింద ఎవరో గిన్నె మీద గరిటెతో కొడుతున్నారు. మిరుగు నాడు ఆకలి మీదున్న ఆడవాళ్లు. ఇస్తే, ఒక్కరు మాట అంటే, ట్యాంకు అటక మీదికి. ఇవ్వకపోతే ఈ రోజు పోయింది, సరుకూ పోయింది. తేడా తెలియకుండా ఇవ్వడం మాత్రం నా వల్ల కాదు. కుక్కకు పెట్టారని తెలిసిన రోజు ఎలా ఉందో నాకు గుర్తుంది.

స్టీలు పళ్లెం నా వైపు లాక్కున్నాను.

"అమ్మో!" అంది ఆంటీ. "నేను పెట్టలేదు సుమా. మీ నాన్నగారు అడిగితే నేను బాల్కనీలో బట్టలు తీస్తున్నాను." నిజంగానే బాల్కనీలోకి వెళ్లింది. తీగ మీద బట్టలేమీ లేవు.

మొదట ఉప్పు. తర్వాత ఒక మెత్తదనం, దేనితోనూ పోల్చలేను. పనీర్ కాదు, పుట్టగొడుగు కాదు. వేలు తగలగానే పొరలు పొరలుగా విడిపోయింది. వాంతి వస్తుందని బకెట్ దగ్గర పెట్టుకున్నాను. రాలేదు. మింగాక, ముక్కు వెనకనుంచి ఏదో పైకి లేచింది, నెమ్మదిగా.

వాన.

ఏప్రిల్ సాయంత్రం, షెడ్డు బయట, ఎర్రమట్టి మీద నాలుగు చినుకులు. చిన్నప్పటి గోడ మూల. దీన్నా వీళ్లు కంపు అంటున్నది? కుక్కకు పెట్టింది దీన్నా?

నిజమో కాదో చూడాలని ఇంకో ముక్క తిన్నాను. నిజమే. మూడోది పరీక్ష కోసం కాదు. అది ఇక్కడ తప్ప ఎక్కడా ఒప్పుకోను.

నీళ్లు పుక్కిలించి పింగాణీ పళ్లెం తీసుకున్నాను. ఉప్పు, పసుపు, ఏదో చిన్న తియ్యదనం. కళ్లు మూసుకుని వాన కోసం వెతికాను. లేదు. ఇంకో ముక్కలో వెతికాను. ఎక్కడా లేదు. శుభ్రంగా, ఖాళీగా, అజ్జి హౌజు నీళ్లలా.

పోయింది. తేడా ఉంది, నాకు తెలిసింది, నా నాలుకతోనే. ఇంత చేసి తేలిందేమిటంటే, నాకు నచ్చింది అమ్మకూడనిది.

బాల్కనీ తలుపు దగ్గర ఆంటీ సగం మొహం. "ఏవంటావమ్మా?"

"ఇయ్యొచ్చు ఆంటీ. డ్రమ్ముల ఉన్నయి అన్నీ ఇయ్యొచ్చు."

పన్నెండు ఇళ్లూ తీసుకున్నాయి. ఆంటీ ఇల్లు పదమూడోది. నేను అక్కడే కూర్చున్నాను, వంటలయ్యేదాకా. మొదట పై అంతస్తు ఆవిడ వచ్చింది, మొహం చిట్లించి కాదు, ఖాళీ గిన్నెతో. ఇంకొకటి ఉందా అని. తర్వాత ఇంకొకరు. సత్యనారాయణ అంకుల్ రెండోసారి వేయించుకున్నారు. ఈసారి నేను కళ్లారా చూశాను.

ఇంటికొచ్చేసరికి అప్ప వరండాలో కూర్చుని ఉన్నాడు, దుకాణం మూసేసి. మిరుగు రోజు విత్తనాల దుకాణం మూసేశాడు! నోరు తెరవబోతుంటే లోపల్నుంచి అజ్జి గొంతు: "ముందు ఇట్ల రానియ్యిరా దాన్ని."

దేవుడి గది గడప దగ్గర కూర్చుని ఉంది. నా మొహంలోకి చూసింది.

"కాళ్లు కడుక్కున్నవా?"

"కడుక్కున్న."

"నోరు?"

చేత్తో పెదాలు తుడుచుకున్నాను. ఆమె ఇంకేమీ అడగలేదు. పక్కనున్న గిన్నెలోంచి ఇంగువ బెల్లం ఉండ తీసి, తన చేత్తోనే నా నోట్లో పెట్టింది. కళ్లలో నీళ్లు తిరిగేంత ఘాటు.

"ఇంగువ ముంగట ఏ వాసన నిలువది," అంది చిన్నగా. "ఇగ పో. మీ అయ్య పొద్దటి నుంచి తిప్పలపడ్తున్నడు."

అప్ప తల ఎత్తకుండా అడిగాడు. "ఎవరన్న మాట అన్నరా?"

"అనలేదప్పా."

"ఒక్కలు గుడ?"

"ఒక్కలు గుడ."

చాలాసేపు చెప్పు అంచుతో నేల గీశాడు. తర్వాత, నా జీవితంలో ఆయన నోట వింటాననుకోని ప్రశ్న: "ఎట్లుందంట? తిన్నోళ్లు ఏమన్నరు?"

"మట్టి వాసన లేదన్నరు."

"మా అమ్మ ఇంగువ మస్తు ఏసింది ఈసారి," అన్నాడు ముక్కు రుద్దుకుంటూ. లేచాడు. "బస్తాలు వరండాల ఏయిస్త. పైన పట్టా కప్పితె సాలు."

ఇదంతా రాస్తుండగానే వాన మొదలైంది. ఇంకా చీకటి పడలేదు. అజ్జి హౌజు ఖాళీగా ఉంది, చినుకులు అందులో పడుతున్నాయి. పెరట్లో ఎర్రమట్టి తడిసి ఆ వాసన లేచింది. ఎప్పటిలాగే కిటికీ దగ్గరికి వెళ్లి కళ్లు మూసుకున్నాను.

నోట్లో నీళ్లూరాయి.

"ఏం చేస్తున్నవే ఆడ?" అంది అజ్జి వెనక నుంచి. "ఇంకో ఉండ తింటవా?"